ఎవరు వింటున్నారు? హామ్లెట్ మీద ఒక ఆన్‌లైన్ కోర్సు సమీక్ష

షేక్‌స్పియర్ రాసిన ‘హామ్లెట్’ను ప్రతీకార విషాదాంతంగా చదివించి, ఆ చదువులో భాగంగానే నాటక పరిభాషను కూడా నేర్పే ఒక ఆన్‌లైన్ కోర్సును ఈమధ్యే పూర్తి చేశాను. ఎనిమిది వారాలలో 24 రికార్డు పాఠాలు, ప్రతి పాఠంతో పాటు నాటకంలోని ఆ భాగం, కఠిన పదాలకు అర్థాలు, వారం వారం ఒక క్విజ్, రెండు వారాలకొకసారి అధ్యాపకురాలితో గంటసేపు ప్రత్యక్ష చర్చ, చివర్లో ఒక పారిభాషిక పదాల పట్టిక ఉంటాయి. కాలేజీ రోజుల్లో ఈ నాటకాన్ని గైడు సాయంతో చదివి పరీక్ష రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి, ‘సంకోచమే హామ్లెట్‌లోని లోపం’ అన్న ఒక్క వాక్యం తప్ప అందులోంచి నాకేమీ మిగల్లేదు. ఆ వాక్యం ఎంతవరకు నిజమో తేల్చుకోవాలనే ఈ కోర్సులో చేరాను. సగానికి పైగా పాఠాలు నేను ఆశించినదానికంటే చాలా ఎక్కువ ఇచ్చాయి. కొన్ని మాత్రం నన్ను మళ్ళీ ఆ పాత వాక్యం దగ్గరికే తీసుకెళ్ళి వదిలేశాయి. ఈ రెండు రకాల పాఠాలకూ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పగలిగితే, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

పరిభాషను నిర్వచనాలతో మొదలుపెట్టకపోవడం ఈ కోర్సులో నాకు నచ్చిన మొదటి విషయం. అధ్యాపకురాలు తొలి పాఠంలోనే ఒక ప్రశ్న వేశారు: ఈ మాటను ఎవరు వింటున్నారు? రంగస్థలం మీద ఉన్నవాళ్ళందరూ వింటున్నారా, ఒక్కరే వింటున్నారా, ఎవరూ వినడం లేదని మాట్లాడేవాడు నమ్ముతున్నాడా, ఆ నమ్మకం నిజమేనా? సొలిలొక్వీ (పాత్ర ఒంటరిగా తనతో తాను పలికే ప్రసంగం), అసైడ్ (పక్కనున్న పాత్రలకు వినపడనట్టు పలికే మాట), డ్రమాటిక్ ఐరనీ (పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలిసి ఉండటం) అన్న మూడు మాటలనూ ఈ ప్రశ్నకు వచ్చే మూడు వేర్వేరు సమాధానాలుగా ఆమె వివరించారు. తెలుగులో చదువుకున్నవాళ్ళకు ఈ పద్ధతి మరింత మేలు చేస్తుంది, ఎందుకంటే మనం సొలిలొక్వీనీ అసైడ్‌నూ కూడా ‘స్వగతం’ అనే ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటున్నాం. సంస్కృత నాటకాలు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తగా ఉన్నాయి. తనలో తాను అనుకునేది స్వగతం, మిగిలినవాళ్ళకు వినపడనట్టుగా చేయి అడ్డుపెట్టి ఒకరితో మాత్రమే చెప్పేది జనాంతికం, పక్కకు తిరిగి ఒకరికి రహస్యంగా చెప్పేది అపవారితం, అందరికీ వినిపించేలా పలికేది ప్రకాశం. వినేవాళ్ళెవరు అన్నదాన్ని బట్టే అక్కడా పేర్లు పెట్టారు. ఇది గమనించాక, ఇంగ్లీషు నాటకానికి అధ్యాపకురాలు వేసిన ప్రశ్న నాకు పరాయిదిగా అనిపించలేదు.

ఆ ప్రశ్న ఎంత పదునైనదో హామ్లెట్ పలికే మొట్టమొదటి మాట దగ్గరే తెలుస్తుంది. డెన్మార్క్ రాజైన తండ్రి చనిపోయాడు, పినతండ్రి క్లాడియస్ సింహాసనం ఎక్కి తల్లిని పెళ్ళాడాడు. అతను నిండు సభలో హామ్లెట్‌ను ‘కుమారా’ అని పిలిచినప్పుడు, చుట్టరికం కాస్త ఎక్కువైంది గానీ ఆపేక్ష తక్కువైందన్న అర్థం వచ్చే ఒక శ్లేషతో హామ్లెట్ జవాబిస్తాడు. ఇప్పటి ముద్రణలు చాలావాటిలో ఈ మాట పక్కన అసైడ్ అన్న సూచన కనిపిస్తుంది. షేక్‌స్పియర్ కాలపు ప్రతులలో ఆ సూచన లేదు, తర్వాతి సంపాదకులు చేర్చారు. సూచన ఉంటే, హామ్లెట్ తన బాధను ప్రేక్షకులకు మాత్రమే చెప్పుకుంటున్న ఒంటరివాడు. లేకపోతే, రాజును అందరి ముందూ ఎత్తిపొడిచే తెగువ గలవాడు. ఒక్క పారిభాషిక పదం పెట్టడమో తీసేయడమో పాత్ర స్వభావాన్నే మార్చేస్తుందని చూపించిన ఈ పాఠాన్ని నేను మూడుసార్లు విన్నాను.

మూడో అంకంలోని ప్రసిద్ధ సొలిలొక్వీ గురించిన పాఠం కూడా ఇదే దారిలో సాగింది. ఉండటమా, లేకుండా పోవడమా అని హామ్లెట్ ఆలోచించే ఆ ప్రసంగంలో అతని తండ్రి ప్రస్తావన లేదు, హత్య ప్రస్తావన లేదు, ప్రతీకారం ప్రస్తావన లేదు, ‘నేను’ అన్న మాట కూడా లేదు. ప్రతీకార నాటకానికి నడిబొడ్డున ఉన్న ప్రసంగంలో ప్రతీకారమే కనిపించకపోవడాన్ని చూసి, హామ్లెట్ పని తప్పించుకుంటున్నాడని తేల్చేయడం సులువు. కానీ ఆ సమయంలో క్లాడియస్, అతని మంత్రి పొలోనియస్ చాటున నక్కి ఉన్నారు, పొలోనియస్ కూతురు ఒఫీలియా అక్కడే ప్రార్థనా పుస్తకం పట్టుకుని ఉంది. అంటే ఇది ఏకాంతం కాదు, ఏకాంతమని హామ్లెట్ అనుకుంటున్న చోటు. హామ్లెట్‌కు ఇది ముందే తెలుసని నటించిన నటులూ ఉన్నారని, అప్పుడు ఆ ప్రసంగం మొత్తం ఒక జాగ్రత్తగా మారిపోతుందని అధ్యాపకురాలు చెప్పినప్పుడు, తరగతిలో చాలామంది ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి కారణం నాటకంలోంచే వెతికి చూపించమని ఆమె అడగడం నాకెంతో నచ్చింది. దానికి కాస్త ముందు క్లాడియస్ పలికే ఒక అసైడ్ కూడా ఈ పాఠంలోనే వచ్చింది. భక్తి నటించే ముఖంతో సైతానుకే తీపి పూస్తుంటామని పొలోనియస్ యథాలాపంగా అన్న మాట తన అంతరాత్మను కొరడాలా తాకిందని రాజు తనలో తాను ఒప్పుకుంటాడు. రాజు దోషి అన్న సంగతి ప్రేక్షకులకు అతని నోటి నుంచే తెలిసేది ఇక్కడే. అప్పటికి హామ్లెట్ చేతిలో ఉన్నది, క్లాడియసే తనను చంపాడని తండ్రి రూపంలో వచ్చిన ఒక ప్రేతం చెప్పిన మాట మాత్రమే.

ప్రతీకారం గురించిన చారిత్రక పాఠాలు నాలుగు ఉన్నాయి. అవి వినకముందు నేను ఈ నాటకాన్ని ఒక మనిషి మనస్తత్వ కథగానే చూసేవాణ్ణి. ఈ కథ 1200 ప్రాంతంలో సాక్సో గ్రమాటికస్ లాటిన్‌లో రాసిన డేనుల చరిత్రలో ఆమ్లెత్ అనే రాకుమారుడి కథగా ఉంది. అక్కడ హత్య రహస్యం కాదు, ప్రేతం లేదు, కొడుకు పిచ్చివాడిలా నటించి సమయం కోసం కాచుకుని పగ తీర్చుకుంటాడు. రోమన్ నాటకకర్త సెనెకా విషాదాంతాలు పది 1581లో ఇంగ్లీషులో ఒకే సంపుటంగా వచ్చాయి. ప్రేతాలు, కుటుంబంలోపలి రక్తపాతం, ఉద్వేగపు ప్రసంగాలు లండన్ రంగస్థలానికి అలవాటు కావడంలో వాటి పాత్ర పెద్దది. 1592 నాటికే ప్రదర్శనలో ఉన్న థామస్ కిడ్ నాటకం ‘స్పానిష్ ట్రాజెడీ’లో ప్రతీకారం ఒక పాత్రగా వచ్చి, చనిపోయిన ఆండ్రియా ప్రేతం పక్కన కూర్చుని జరిగేదంతా చూస్తుంటుంది. మధ్యలో నిద్రపోతుంది కూడా. అందులో హీరోనిమో న్యాయాధికారి. తన కొడుకు హత్యకే తాను న్యాయం పొందలేక, చివరికి ఒక నాటకం వేయించి ఆ నాటకంలోనే శత్రువులను మట్టుపెడతాడు. ప్రేతం, పిచ్చి, నాటకంలో నాటకం అన్న ముడిసరుకంతా అప్పటికే సిద్ధంగా ఉందని తెలిశాక, షేక్‌స్పియర్ కొత్తగా చేసిందేమిటన్న ప్రశ్న మరింత స్పష్టమవుతుంది.

ఈ పాఠాలలో మరో గొప్ప భాగం చట్టానికీ మతానికీ సంబంధించినది. ‘పగతీర్చుట నా పని’ అని దేవుడు చెబుతున్నట్టు బైబిలు అంటుంది. రాజ్యం కూడా శిక్షించే హక్కు తనదేనంటుంది. అయినా 1584లో ఎలిజబెత్ రాణి ప్రాణానికి ముప్పు తలపెట్టినవాళ్ళను వెంటాడి ప్రతీకారం తీర్చుకుంటామన్న ప్రమాణ పత్రం మీద, రాణి మంత్రుల ప్రోద్బలంతోనే, వేలాదిమంది సంతకాలు చేశారు. ప్రతీకారం ఒక రకమైన అడవి న్యాయమని ఫ్రాన్సిస్ బేకన్ రాసింది 1625లో. అంటే గ్లోబ్ రంగశాలలో నిలబడి హామ్లెట్‌ను చూసిన ప్రేక్షకుడి మనసులో ప్రతీకారం పాపమూ అయ్యుండవచ్చు, కర్తవ్యమూ అయ్యుండవచ్చు. దానికి తోడు, ఆ ప్రేతం తాను పాపాలు కాలిపోయేదాకా అగ్నిలో ఉన్నానని చెబుతుంది. ఇంగ్లండ్ చర్చి అలాంటి లోకమే లేదని తేల్చింది, హామ్లెట్ చదువుకున్నదేమో ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ బోధించిన విట్టెన్‌బర్గ్‌లో. తండ్రి రూపంలో వచ్చింది సైతాను కావచ్చునన్న అతని అనుమానం పిరికితనం కాదని, ఆ కాలపు చదువరికి ఉండవలసిన జాగ్రత్తేనని నాకు ఈ పాఠం వల్లే అర్థమైంది. ఇక్కడ తెలుగు మాట ఒకటి నాకు గుర్తొచ్చింది. ప్రతీకారం అంటే మనకు ఇప్పుడు పగ తీర్చుకోవడమే. సంస్కృతంలో ఆ మాటకు చికిత్స, విరుగుడు అన్న అర్థాలూ ఉన్నాయి. చెవిలో పోసిన విషంతో మొదలైన కథలో కొడుకు వెతుకుతున్నది ఈ రెండు అర్థాలలో దేనినన్నది నన్ను చాలా రోజులు వదలలేదు.

గర్భాంకం, అంటే నాటకంలో నాటకం గురించిన పాఠం బాగుంది గానీ తొందరగా ముగిసింది. రాజు నేరాన్ని బయటపెట్టడానికి హామ్లెట్ వేయించే నాటకంలో హంతకుడు రాజుకు తమ్ముడు కాడు, మేనల్లుడో అన్నకొడుకో కావచ్చు. హామ్లెట్ తానే లేచి ఆ సంబంధాన్ని సభకు పరిచయం చేస్తాడు. తన అన్నను తాను చంపిన దృశ్యాన్ని క్లాడియస్ చూస్తుంటే, సభలో మిగిలినవాళ్ళకు కనిపిస్తున్నది అన్నకొడుకు చేతిలో రాజు చావడం. ఒకే ప్రదర్శన ఒకరికి నేరారోపణ, మరొకరికి బెదిరింపు. హీరోనిమో నాటకాన్ని కత్తిగా వాడితే, హామ్లెట్ సాక్ష్యం కోసం వాడాడు, ఆ సాక్ష్యం చదవగలిగినవాళ్ళు మాత్రం ఆ సభలో ఇద్దరో ముగ్గురో. ఇంత విషయానికి పన్నెండు నిమిషాలు సరిపోవు.

మొత్తం కోర్సులో ఉత్తమ పాఠం ప్రార్థనా ఘట్టం మీద చెప్పినది. క్లాడియస్ ఒంటరిగా తన పాపాన్ని తలచుకుని, దోచుకున్న కిరీటాన్నీ రాణినీ వదులుకోకుండా క్షమాపణ ఎలా దొరుకుతుందని తనను తానే అడిగి, మోకరిల్లుతాడు. వెనకనుంచి వచ్చిన హామ్లెట్ కత్తి తీసి, ప్రార్థనలో ఉండగా చంపితే వీడు స్వర్గానికి పోతాడని ఆగిపోతాడు. అతను వెళ్ళాక క్లాడియస్ లేచి, మాటలు పైకి పోతున్నాయి గానీ మనసు కిందనే ఉండిపోయిందంటాడు. ఒకే చోట రెండు సొలిలొక్వీలు, ఒకరిది ఒకరికి వినపడదు, రెండూ వినేది ప్రేక్షకుడొక్కడే. ఆ ప్రార్థన ఫలించలేదన్న సంగతి హామ్లెట్‌కు వినపడి ఉంటే నాటకం అక్కడే ముగిసేది. డ్రమాటిక్ ఐరనీ అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూడలేదు. హామ్లెట్ ఆగడంలో దయ లేదు. శరీరాన్ని చంపడం చాలదు, ఆత్మను నరకానికి పంపాలన్న కోరిక పగను దాటిపోయిందని అధ్యాపకురాలు మొహమాటం లేకుండా చెప్పారు.

ఇంత బాగా నేర్పిన కోర్సు, క్విజ్ దగ్గరికి వచ్చేసరికి తన పద్ధతినే మరిచిపోయింది. ఐదో వారం క్విజ్‌లో ‘హామ్లెట్ హమార్టియా ఏది?’ అన్న ప్రశ్నకు సంకోచం, అహంకారం, అత్యాశ, అసూయ అని నాలుగు ఎంపికలిచ్చి, సంకోచాన్ని సరైన సమాధానంగా నిర్ణయించారు. అరిస్టాటిల్ వాడిన ఆ గ్రీకు మాటలో గురి తప్పడం అన్న భావం ఉంది. తెలియక జరిగే పొరపాటునూ అది సూచిస్తుంది. ఎవరిని చంపాడో తెలియకుండానే కన్నతండ్రిని చంపిన ఈడిపస్ అందుకు బాగా సరిపోయే ఉదాహరణ. దాన్ని ‘స్వభావ దోషం’గా కుదించడం వల్లే నా తరం విద్యార్థులందరికీ ఆ ఒక్క వాక్యం మిగిలింది. పైగా గురి తప్పడం ఈ నాటకంలో కళ్ళ ముందే జరుగుతుంది: తల్లి గదిలో తెర వెనక కదిలినది రాజే అనుకుని హామ్లెట్ కత్తి దించుతాడు, చచ్చింది పొలోనియస్. ఆ క్షణం నుంచి పగ తీర్చుకోవలసినవాడే మరొక కొడుకు పగకు గురి అవుతాడు. చివరి అంకంలో హామ్లెట్ పొలోనియస్ కొడుకు లేర్టీజ్‌ను క్షమాపణ కోరుతూ, ఇంటి మీదుగా బాణం వేసి తెలియక సోదరుణ్ణి గాయపరిచినట్టయిందని చెబుతాడు. గురి తప్పిన బాణం అన్న పోలిక హామ్లెట్ నోటనే ఉండగా, దాన్ని పక్కన పెట్టి నాలుగు ఎంపికల్లోంచి ఒకటి ఏరుకోమనడం నాకు నిజంగా బాధ కలిగించింది. ఈ సంగతి వివరంగా రాసి పంపితే, మూల్యాంకనం యాంత్రికంగా జరుగుతుంది కాబట్టి మార్కులు మార్చలేమని సహాయ విభాగం నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. అధ్యాపకురాలు మాత్రం తర్వాతి చర్చలో ఆ బాణం మాటను అందరి ముందూ చదివి వినిపించారు.

చివర్లో ఇచ్చిన పారిభాషిక పట్టికలోనూ ఇదే ఇబ్బంది ఉంది. ఫాయిల్ అంటే ‘ప్రధాన పాత్రకు భిన్నంగా ఉండే పాత్ర’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రత్నం మెరుపు పెరగడానికి కంసాలి దాని అడుగున పెట్టే తగడు అన్నది ఆ మాటకున్న పాత అర్థం. కత్తి పోటీకి ముందు లేర్టీజ్‌తో ‘నేను నీకు తగడునవుతాను’ అని హామ్లెట్ చేసే శ్లేష ఆ అర్థం మీదే నడుస్తుంది, ఎందుకంటే పోటీలో వాడే కత్తి పేరూ అదే. తండ్రిని పోగొట్టుకున్న కొడుకులు ఈ నాటకంలో ముగ్గురున్నారు. చర్చిలోనైనా సరే హామ్లెట్ గొంతు కోస్తాననే లేర్టీజ్, తండ్రి చావుతో పాటు పోయిన భూములు తిరిగి తెచ్చుకోవాలని సైన్యం కూడగట్టి, పగ తీర్చుకోకుండానే చివరికి డెన్మార్క్ సింహాసనం దగ్గరికి చేరుకునే నార్వే రాకుమారుడు ఫోర్టిన్‌బ్రాస్, వీళ్ళిద్దరి మధ్య హామ్లెట్. తగడు అన్న మాటను అసలు అర్థంతో పట్టుకుంటే ఎవరి వల్ల ఎవరు మెరుస్తున్నారన్న ప్రశ్న వస్తుంది. పట్టికలోని నిర్వచనంతో ఆ ప్రశ్నే రాదు.

కోర్సువాళ్ళు ఇచ్చిన మూలపాఠం గురించి కూడా ఒక హెచ్చరిక అవసరం. హామ్లెట్ 1603లో ఒకసారి, 1604–05లో మరోసారి, 1623 నాటి సంపుటంలో ఇంకోసారి అచ్చయింది, ఈ మూడూ ఒకటి కావు. ఫోర్టిన్‌బ్రాస్ సైన్యాన్ని చూసి తన ఆలస్యాన్ని తిట్టుకునే సొలిలొక్వీ రెండో ప్రతిలో ఉంది, 1623 ప్రతిలో లేదు. నేను పైన చెప్పిన బాణం మాటలో ‘సోదరుడు’ అన్నది రెండో ప్రతి పాఠం, 1623 ప్రతిలో అది ‘తల్లి’. కోర్సు పాఠం వీటన్నిటినీ కలిపి కుట్టినదే అయినా, ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు. ఐదు అంకాల మెట్ల బొమ్మ గీసి మూడో అంకంలో క్లైమాక్స్ ఉందని చూపించారు గానీ, తొలి రెండు ప్రతులలో అంకవిభజనే లేదని, 1623 ప్రతిలో కూడా అది రెండో అంకంతోనే ఆగిపోయిందని చెప్పలేదు. ఆ బొమ్మ 1863లో జర్మన్ రచయిత గుస్తాఫ్ ఫ్రైటాగ్ చేసిన విశ్లేషణ నుంచి వచ్చినది. దాన్ని షేక్‌స్పియర్ స్వయంగా వేసుకున్న పునాదిలా చూపించడం సరికాదు.

సాంకేతికంగా చెప్పుకోదగ్గ లోపాలేమీ లేవు. ఆడియో స్పష్టంగా ఉంది, ఉపశీర్షికల్లో పాత ఇంగ్లీషు మాటలు అక్కడక్కడా తప్పుగా పడ్డాయి. క్విజ్ మార్కులే లక్ష్యమైనవాళ్ళకు ఈ కోర్సు పెద్దగా అవసరం లేదు. నాటకాన్ని పక్కన పెట్టుకుని, ప్రతి పాఠం ముందు ఆ భాగాన్ని ఒకసారి పైకి చదువుకునే ఓపిక ఉన్నవాళ్ళు మాత్రం తప్పక చేరాలి. పదాల పట్టికను పూర్తిగా వదిలేసినా నష్టం లేదు, ప్రత్యక్ష చర్చలను మాత్రం ఒక్కటి కూడా మానకూడదు.

ఆఖరి పాఠం కథార్సిస్ మీద, అంటే విషాదాంతం చూసిన ప్రేక్షకుడి మనసులోని ఉద్వేగాలు కడిగేసినట్టు తేలికపడటం మీద. కత్తి పోటీ, విషపు పాత్ర, నాలుగు చావులు అన్నీ వివరించారు. క్లాడియస్‌ను చంపే క్షణంలో హామ్లెట్ తండ్రి పేరెత్తడని, నా తల్లి వెంట వెళ్ళమని అంటాడని చూపించారు. లేర్టీజ్, హామ్లెట్ ఒకరినొకరు క్షమించుకోవడంతో రెండు పగలలో ఒకటి ఎలా చల్లారిందో చెప్పారు. కానీ ఆ తర్వాత వచ్చే ఒక మాటను వదిలేశారు. హామ్లెట్ పాత స్నేహితులు రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్‌ల మరణశిక్ష అమలైందని రాజుకు విన్నవించడానికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన రాయబారి ఆ శవాలను చూసి, మా మాట వినవలసిన చెవులకు స్పృహ లేదు అంటాడు. నిద్రపోతున్న రాజు చెవిలో విషం పోయడంతో మొదలై, ఆ మరణం గురించిన అబద్ధంతో డెన్మార్క్ చెవినంతా మోసం చేశారని ప్రేతం వాపోయిన నాటకం అది. ఆఖరి చర్చలో నేను ఈ మాటను ప్రస్తావించాను. అధ్యాపకురాలు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పుస్తకం తెరిచి, ఆ పంక్తులను అందరం ఒకసారి పైకి చదువుదాం అన్నారు.